గుడారం కంటే ముందు చాప

విజయవాడలో పుట్టి పెరిగినవాడికి ఎండ గురించి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. మే నెలలో 45 డిగ్రీలు దాటిన రోజున కిటికీకి వట్టివేళ్ల తడిక ఎలా కట్టాలో, మజ్జిగలో ఉప్పు ఎంత వేయాలో, ఏ వేళకు బయట అడుగు పెట్టకూడదో మా ఇంట్లో ఏడేళ్ల పిల్లకు కూడా తెలుసు. చలి సంగతి అలా కాదు. మా బీరువా అడుగున ఉండే స్వెట్టరు ఏడాదిలో పట్టుమని పది రోజులు కూడా బయటికి రాదు. అటువంటి ఇంటి నుంచి నేనూ, ఇంజనీరింగ్ చదువుతున్న నా మేనల్లుడూ కలిసి, డిసెంబరులో లంబసింగి వెళ్లి గుడారం వేసుకుని రెండు రాత్రులు ఉండి రావాలని నిర్ణయించుకున్నాం. అందుకు ఏం కొనాలి, ఏం కొనకూడదు, దేనికి ముందు డబ్బు పెట్టాలి అన్న విషయంలో మేము చేసిన తప్పులనూ, వాటిని దిద్దుకున్న తీరునూ ఇక్కడ రాస్తున్నాను.

లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల కంటే బాగా కిందికి దిగుతుంది. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరు ఉంది. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడని ఆ పేరు పెట్టారట. ఈ సంగతి తెలిసి కూడా మేము కొనుగోళ్లు గుడారంతో మొదలుపెట్టాం. క్యాంపింగ్ అనగానే కళ్ల ముందు కనబడే వస్తువు అదే కాబట్టి, మొత్తం 10,000 రూపాయలు అనుకున్న ఖర్చులో సగానికి పైగా దానికే పోయింది. మిగిలిన డబ్బుతో గాలి కొట్టుకునే పరుపు ఒకటీ, చవకలో దొరికిన పలచని స్లీపింగ్ బ్యాగులు రెండూ తీసుకున్నాం.

“పడుకోవడానికి ఏదో ఒకటి చాలదా మావయ్యా, నేల మీద పడుకోవడం మనకు కొత్తా?” అన్నాడు మావాడు. నాకూ నిజమే అనిపించింది. సత్యనారాయణపురంలో మా పాత ఇల్లు ఉన్న రోజుల్లో వేసవి అంతా మా పడకలు డాబా మీదే. సాయంత్రం ఆరింటికి బకెట్లతో నీళ్లు చల్లి, గచ్చు ఆవిరి వదిలి చల్లారాక, ఎనిమిదింటికి చాపలు పరిచి, తెల్లవారుజామున మంచు పడితే దుప్పటి లాక్కుని పడుకునేవాళ్లం. అలా పడుకున్నవాళ్లకు క్యాంపింగ్ ఒక లెక్కా అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ డాబా అనుభవమే మమ్మల్ని పక్కదారి పట్టించింది. వేసవి రాత్రి గచ్చు మన ఒంట్లోని వేడిని లాగేసుకుంటుంటే ప్రాణానికి హాయిగా ఉంటుంది. చలికాలంలో కొండ మీద నేల చేసేదీ సరిగ్గా అదే పని.

అదృష్టం ఏమిటంటే ఆ సంగతి లంబసింగిలో కాక నూజివీడులో తెలిసింది. అసలు ప్రయాణానికి ముందు దగ్గరలో ఒక రాత్రి ఉండి చూద్దామని, నవంబరు చివరలో ఒక శనివారం నూజివీడు అవతల మిత్రుడి మామిడి తోటలో గుడారం వేశాం. రాత్రి ఫోను 18 డిగ్రీలు చూపించింది. అది విజయవాడ లెక్కలో చల్లని రాత్రే గానీ, లంబసింగి లెక్కలో మధ్యాహ్నం కింద జమ. అయినా రెండు గంటలకు నాకు మెలకువ వచ్చేసింది. పై భాగమంతా వెచ్చగానే ఉంది. వీపు మాత్రం తడిబట్ట మీద పడుకున్నట్టు చల్లబడిపోయింది. పక్కకు తిరిగితే ఆ పక్క, బోర్లా పడుకుంటే పొట్ట. తెల్లవార్లూ పెనం మీద అట్టులా అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. మావాడు ఉన్న తువ్వాళ్లన్నీ కింద వేసుకుని ముడుచుకుని కూర్చున్నాడు. ఇరవై గజాల దూరంలో పాకలో తోట కాపలా పెద్దాయన ఎండుగడ్డి మీద గోనె పట్టా పరుచుకుని, ఒక్క దుప్పటి కప్పుకుని గుర్రు పెట్టి నిద్రపోయాడు. పొద్దున్నే మా పరుపును వేలితో నొక్కి చూసి, “గాలి మీద పడుకుంటే చలెయ్యకేం చేస్తది బాబూ” అన్నాడు.

ఆయన మాటలో ఉన్న శాస్త్రం ఇది. వెచ్చదనాన్ని ఆపేది గాలే, కానీ అది కదలని గాలి అయి ఉండాలి. ఎండుగడ్డిలో, దూదిలో, ఫోములో గాలి చిన్న చిన్న అరల్లో చిక్కుకుపోయి ఉంటుంది కాబట్టి వేడి దానిని దాటుకుని పోలేదు. జానెడు ఎత్తున్న ఖాళీ గాలి పరుపులో గాలికి తిరగడానికి కావలసినంత చోటు ఉంటుంది. మన ఒంటి దగ్గర వెచ్చబడిన గాలీ, నేల దగ్గర చల్లబడిన గాలీ లోపల కలుస్తూ, మనం కదిలినప్పుడల్లా ఇంకాస్త కలగలిసి, వేడిని నేలకు చేరవేస్తూ ఉంటాయి. స్లీపింగ్ బ్యాగు అడుగు భాగం ఎందుకు ఆదుకోలేదని అడగవచ్చు. మా అమ్మమ్మ పాత చీరలతో కుట్టిన బొంతను గుర్తు చేసుకుంటే దానికి జవాబు దొరుకుతుంది. ఎండలో వేసి దులిపిన రోజున అది ఎంత పొంగి ఉండేదో, ఏడాది పొడవునా పరుచుకుని పడుకున్నాక అంత అణిగి అట్టలా అయ్యేది. స్లీపింగ్ బ్యాగులోని దూది కూడా మన బరువు కింద అలాగే అణిగిపోతుంది. అణిగిన చోట గాలి ఉండదు, గాలి లేని చోట వెచ్చదనం ఉండదు. అంటే బ్యాగు పైనుంచి మాత్రమే కాపాడుతుంది, కిందనుంచి కాపాడవలసింది చాప.

అందుకే మొదటిసారి వెళ్లేవారు చాపకే మొదటి డబ్బు పెట్టాలని నా గట్టి అభిప్రాయం. కొనేటప్పుడు చూడవలసింది ఆర్ వాల్యూ అనే అంకె. ఆ అంకె ఎంత పెద్దదైతే నేల అంత తక్కువ వేడిని లాగుతుంది. మడతలు మడతలుగా పుస్తకంలా మూసుకునే మందపాటి ఫోమ్ చాపకు అది సుమారు 2 ఉంటుంది. లోపల ఏమీ నింపని గాలి పరుపుకు 1 కూడా ఉండకపోవచ్చు. మంచు కురిసే చోట్లకు వెళ్లేవారు 4కు పైన ఉన్నవి చూసుకుంటారు. ఇందులో మంచి సౌలభ్యం ఏమిటంటే, ఒక చాప మీద ఇంకొక చాప వేస్తే రెండింటి అంకెలూ కలుస్తాయి. మేము ఆ గాలి పరుపును పక్కన పెట్టి, మనిషికి ఒక ఫోమ్ చాప కొని, దాని కింద వేసుకోవడానికి ఇంట్లో ఉన్న యోగా మ్యాట్లు తీసుకున్నాం. యోగా మ్యాటు ఒక్కటే అయితే సరిపోదు, అది మరీ పలచన. పరుపుల షాపుల్లో దొరికే మామూలు స్పాంజి ముక్క చవకే గానీ, నీళ్లు పీల్చుకుంటుంది. తెల్లవారుజామున చెమ్మగిల్లిన గుడారంలో అది ఉండి ప్రయోజనం లేదు. నీళ్లు పీల్చని, బొటనవేలితో నొక్కి వదిలితే వెంటనే పైకి లేచే ఫోము కావాలి. డెకాత్లాన్ లాంటి పెద్ద షాపులో అయితే నేల మీద పరిచి, మీద పడుకుని కూడా చూడవచ్చు. నేను పడుకుని చూశాను. చూసేవాళ్లు చూశారు, నాకేం సిగ్గనిపించలేదు.

స్లీపింగ్ బ్యాగు మీద రాసి ఉండే డిగ్రీల అంకెను కొంచెం జాగ్రత్తగా చదవాలి. యూరప్‌లో మొదలై ఇప్పుడు ఐఎస్ఓ 23537 పేరుతో నడుస్తున్న ప్రమాణం ప్రకారం ఒక బ్యాగుకు మూడు అంకెలు ఉంటాయి. కంఫర్ట్ అన్నది మామూలు ఒంటితీరు గల స్త్రీ కాళ్లు చేతులు చాపుకుని హాయిగా నిద్రపోగలిగే ఉష్ణోగ్రత. లిమిట్ అన్నది మామూలు ఒంటితీరు గల పురుషుడు ముడుచుకుని పడుకుని ఎలాగో నిద్ర పట్టించుకోగలిగే ఉష్ణోగ్రత. ఎక్స్‌ట్రీమ్ అన్నది నిద్ర మాట దేవుడెరుగు, ప్రాణం దక్కితే చాలు అనుకునే ఉష్ణోగ్రత. అమ్మేవారికి పెద్ద అక్షరాలతో వేయాలనిపించేది చివరి అంకె, కొనేవారు చూడవలసింది మొదటి అంకె. నూజివీడుకు మేము తీసుకువెళ్లిన చవక బ్యాగు సంచి మీద సున్నా డిగ్రీలని ఉంది, ఏ అంకె అన్నది ఎక్కడా లేదు. అసలు ఈ పరీక్షలన్నీ కింద చాప వేసి చేసేవే కాబట్టి, చాప లేకుండా ఏ అంకెకూ అర్థం లేదన్నది కూడా గుర్తు పెట్టుకోవాలి.

మన ప్రాంతం నుంచి వెళ్లేవారికి ఈక నింపిన డౌన్ బ్యాగు కంటే సింథటిక్ దూది నింపిన బ్యాగే మంచిదని నేను అనుకుంటాను. డౌన్ బ్యాగు తేలిక, చిన్న మూటలా అణుగుతుంది, కానీ ధర ఎక్కువ. పైగా తడిసిందంటే ఈకలు ముద్ద కట్టి వెచ్చదనం పోతుంది. లంబసింగి మంచులో తడవని వస్తువు ఉండదు. సింథటిక్ బ్యాగు బరువూ, మూట పరిమాణమూ ఎక్కువే అయినా, కొద్దిగా చెమ్మ తగిలినా పని చేస్తుంది, ఇంట్లో ఉతుక్కోవచ్చు కూడా. కంఫర్ట్ 5 డిగ్రీలున్న బ్యాగు కొనాలంటే మా లెక్క దాటిపోతోంది. అందుకని కంఫర్ట్ 10 డిగ్రీల బ్యాగు తీసుకుని, పైన కప్పుకోవడానికి ఇంట్లోని ఉన్ని రగ్గులు రెండు మూట కట్టాం. జిప్పు పక్కనే లోపలివైపు దూది నింపిన గొట్టంలాంటి అంచు ఉందో లేదో కొనేముందు చూడండి. అది లేకపోతే జిప్పు సందుల్లోంచి రాత్రంతా సన్నగా గాలి దూరుతుంది.

ఇక గుడారం. ముందే కొనేసిన మా మొదటి గుడారం ఆన్‌లైన్‌లో తెప్పించినది. దాని మీద వాటర్‌ప్రూఫ్ అనీ, ఇద్దరికి అనీ రాసి ఉంది. నూజివీడులో వాన రాలేదు కాబట్టి మొదటి మాట పరీక్షకు రాలేదు. రెండో మాట మాత్రం ఆ రాత్రే తేలిపోయింది. ఇద్దరికి అంటే రెండు చాపలు అంచుకు అంచు ఆనించి పరిస్తే సరిగ్గా పట్టే వెడల్పు, అంటే మనిషికి 60, 65 సెంటీమీటర్లు. సంచులకు చోటు లేదు, మోకాలు మడిస్తే బట్టకు తగులుతుంది. ఎంతమంది పడుకుంటారో దానికి ఒకరిని కలిపి కొనుక్కోవడం ఈ సరుకులో పాటించవలసిన లెక్క.

ఊరికి తిరిగి వచ్చాక దానిని మా అపార్టుమెంటు టెర్రస్ మీద వేసి చూశాం. సిమెంటు గచ్చులో గూటాలు దిగవు కాబట్టి తాళ్లను ఇటుకలకు కట్టాం. తర్వాత మొక్కలకు నీళ్లు పట్టే పైపుతో ఇరవై నిమిషాలు పైనుంచి వానలా పట్టాను. మావాడు లోపల టార్చిలైటుతో కూర్చున్నాడు. పదో నిమిషంలో, “మావయ్యా, తలుపు మీద కుట్టు దగ్గర చూడు, చెమట పట్టినట్టు బొట్లు” అని కేక వేశాడు. బట్టలోంచి నీరు రాలేదు. కుట్టు సూది చేసిన బెజ్జాల్లోంచి ఒక్కొక్క చుక్క ఊరి, దారం వెంట జారి, మూలకు చేరుతోంది. మంచి గుడారానికి ఆ కుట్ల మీద లోపలివైపు నిగనిగలాడే టేపు అతికించి ఉంటుంది. దీనికి లేదు. పైన కప్పే వాన తెర కూడా నెత్తి మీద టోపీలా సగం వరకే ఉంది. తిరిగి ఇవ్వడానికి గడువు ఎలాగూ మిగల్లేదు. అందుకే చెబుతున్నాను, గుడారం ఇంటికి వచ్చిన రోజునే నీళ్లు పట్టి చూడాలి.

రెండోసారి కొన్నప్పుడు ఏం చూడాలో తెలిసింది. గుడారం రెండు పొరలుగా ఉండాలి: లోపలిది దోమతెర లాంటి వల, బయటిది నేల దాకా దిగే వాన తెర, రెండింటికీ మధ్య అరచేయి పట్టేంత సందు. ఒకటే పొర ఉన్న గుడారంలో మన ఊపిరిలోని ఆవిరే చల్లని బట్టకు తగిలి నీరై, వాన లేకపోయినా తెల్లారేసరికి మన మీద కురుస్తుంది. చాలామంది గుడారం కారుతోందని తిట్టుకునేది నిజానికి తమ ఊపిరినే. రెండు పొరలుంటే ఆ నీరు బయటి తెర లోపలి వైపున పట్టి కిందికి జారిపోతుంది. అందుకని చలి వేస్తోందని గాలి కిటికీలన్నీ మూసేయకూడదు. బట్ట ఎంత నీటిని ఆపగలదో మిల్లీమీటర్లలో చెబుతారు. బట్ట మీద నీటి స్తంభాన్ని అంత ఎత్తుకు నిలబెడితే గానీ కారదని దాని అర్థం. పైకప్పుకు 1500 నుంచి 2000 మిల్లీమీటర్లు మన అవసరాలకు సరిపోతుంది. మోకాళ్లూ మోచేతులూ నొక్కుకునే అడుగు బట్టకు అంతకంటే ఎక్కువ కావాలి. ఆ అడుగు బట్ట తొట్టిలా నాలుగు వైపులా జానెడు పైకి లేచి ఉండాలి.

గుడారం కింద వేయడానికి ప్రత్యేకమైన గ్రౌండ్‌షీటు అమ్ముతారు. దానికి డబ్బు దండగ. ధాన్యం రాశుల మీదా, మిరపకాయల కళ్లాల్లోనూ కప్పే టార్పాలిన్ పట్టా పలచని రకం విజయవాడ వన్ టౌన్‌లో కావలసినంత కొలతకు కత్తిరించి ఇస్తారు. ఒక్క జాగ్రత్త ఉంది. పట్టా గుడారం అడుగు కంటే నాలుగు వేళ్లు చిన్నదిగా ఉండాలి. బయటికి పొడుచుకు వస్తే తెర మీద నుంచి జారిన వాన నీరంతా దాని మీద పడి, మనకూ నేలకూ మధ్య మడుగు కడుతుంది. గుడారంతో ఇచ్చే సన్నని గూటాలు గట్టి నేలలో వంగిపోతాయి కాబట్టి నాలుగు లావుపాటివి విడిగా కొన్నాం. గూటాన్ని నిటారుగా కాక, తల గుడారానికి ఎదురు దిక్కుకు వాలేలా దిగగొట్టాలి. గేదెను కట్టేసే గుంజ కొట్టినవారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు. కర్రల ముక్కలను లోపల సాగే తాడు కలిపి ఉంచుతుంది. కర్రను గుడారానికి కుట్టిన గుడ్డ గొట్టంలోకి నెట్టాలి గానీ అవతలి నుంచి లాగకూడదు. లాగితే లోపలే ముక్కలు విడిపోతాయి. ఇది మాకు చీకట్లో, నూజివీడులో, అరగంట తిట్టుకున్నాక తెలిసింది.

జిప్పులు మూసుకునే వల తలుపుకు చలితో సంబంధం లేని ఇంకో ప్రయోజనం కూడా ఉంది. నేల మీద నిద్రపోయేవారిని రాత్రివేళ కాటు వేసే పాముల్లో కట్లపాము ముఖ్యమైనది. దాని కాటు చాలాసార్లు నొప్పి కూడా పుట్టించదు కాబట్టి ప్రమాదం మరింత ఎక్కువ. ఏజెన్సీలో దోమలతో మలేరియా భయం కూడా ఉంది. లోపలికి వెళ్లేటప్పుడూ, బయటికి వచ్చేటప్పుడూ వెంటనే జిప్పు మూయడం అలవాటు చేసుకోవాలి. చెప్పులూ బూట్లూ పొద్దున్నే దులిపి వేసుకోవాలి. ఎండుగడ్డి వెచ్చగా ఉంటుందన్నాను కదా అని దారిలో ఏదో వామి నుంచి తెచ్చి గుడారంలో పరచవద్దు. ఆ పెద్దాయనకు తన గడ్డిలో ఏముందో తెలుసు, మనకు తెలియదు.

దీపానికి తలకు కట్టుకునే హెడ్‌ల్యాంపు మనిషికి ఒకటి కొనండి, వెలుతురు 200 ల్యూమెన్లు ఉంటే ఎక్కువే. రెండు చేతులూ ఖాళీగా ఉండడం ఎంత సుఖమో చీకట్లో ముడి వేయవలసి వచ్చినప్పుడు తెలుస్తుంది. ఫోను టార్చితో గడిపేద్దామనుకుంటే రాత్రి పన్నెండింటికల్లా ఫోనూ ఉండదు, టార్చీ ఉండదు.

పొయ్యి విషయంలో నాకూ మావాడికీ వాదన జరిగింది. వాడికి అరచేతిలో పట్టే చిన్న గ్యాసు పొయ్యి మీద టీ కాచుకుని వీడియో తీయాలని ఉంది. మేము వెళ్లేది రైలులో తుని దాకా, అక్కడి నుంచి నర్సీపట్నం మీదుగా రోడ్డు మీద. రైలులో గ్యాసు డబ్బాగానీ, కిరోసిన్‌గానీ తీసుకువెళ్లడం నేరం. 1989 రైల్వే చట్టం 164వ సెక్షన్ ప్రకారం 3 ఏళ్ల దాకా జైలు పడవచ్చు. కారులో వెళ్లేవారికి ఆ అడ్డు లేదు గానీ, వారికి ఇంకో సంగతి చెప్పాలి. ఆ చిన్న డబ్బాల్లో ఉండే బ్యూటేన్ గ్యాసు మైనస్ 0.5 డిగ్రీల దగ్గర ఆవిరి కావడం మానేస్తుంది, చలి దానికి దగ్గరవుతున్న కొద్దీ మంట నీరసపడుతుంది. చలి ప్రాంతానికి ప్రొపేన్ కలిపిన డబ్బా కావాలి. పొయ్యి అయినా, కుంపటి అయినా, ఆఖరికి ఆరిపోయినట్టు కనబడే బొగ్గులైనా గుడారం లోపల పెట్టుకోవద్దు. మూసిన చోట పోగయ్యే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలో ఉన్నవాడికి తెలియను కూడా తెలియదు. నా ఉద్దేశంలో మొదటి ప్రయాణానికి పొయ్యే అక్కరలేదు. మా ఆవిడ కట్టిచ్చిన చింతపండు పులిహోర మర్నాడు ఉదయం దాకా చక్కగా ఉంది, జంతికలూ వేరుశనగ ఉండలూ చివరి దాకా ఉన్నాయి. వేడి వేడి టిఫిన్లు లంబసింగి రోడ్డు పక్కన దొరికాయి. వీడియోకు టీ కొట్టు దగ్గర ఆవిరి కూడా బాగానే వచ్చింది.

మంచినీళ్లు మనిషికి రోజుకు మూడు, నాలుగు లీటర్లు లెక్క వేసుకోవాలి. మూత గట్టిగా బిగిసే స్టీలు సీసా ఒకటి తప్పకుండా ఉండాలి. టీ కొట్టులో వేడినీళ్లు పోయించుకుని, మేజోడులో దూర్చి, పడుకునే ముందు బ్యాగులో కాళ్ల దగ్గర పెట్టుకుంటే అర్ధరాత్రి దాకా వెచ్చదనం ఉంటుంది. బట్టల విషయంలో మన అలవాటును తిరగేయాలి. ఎండలో ప్రాణం నిలిపే నూలు బనీను చలిలో పనికిరాదు, చెమటను పీల్చుకుని వదలదు, ఆ తడి ఒంటిని చల్లబరుస్తుంది. ఒంటికి ఆనుకుని పాలిస్టరు జెర్సీ, దాని మీద ఉన్ని స్వెట్టరు, పైన గాలి ఆపే విండ్‌చీటరు ఉంటే, ఒక లావుపాటి కోటు కంటే ఆ మూడు పొరలు మేలు. పడుకోవడానికి ఒక జత పొడి బట్టలు, మేజోళ్లు ప్లాస్టిక్ కవరులో విడిగా పెట్టుకుని, పగలు వాటి జోలికి పోకూడదు. మంకీ క్యాప్ పెట్టుకోవడానికి మావాడు మొదటి రాత్రి పదింటి దాకా నామోషీ పడ్డాడు.

సంచి గురించి పెద్దగా చెప్పేది లేదు. బండి గుడారం దాకా వెళ్లే చోటికి కాలేజీ సంచులూ, ఒక గోనె సంచీ చాలు. నడిచి ఎక్కవలసి ఉంటేనే నడుముకు బిగించే పట్టీ ఉన్న 50, 60 లీటర్ల సంచి చూసుకోవాలి. చిన్న వస్తువుల్లో మాకు నిజంగా పని చేసినవి నైలాన్ తాడు పది గజాలు, దబ్బనం, వెడల్పాటి టేపు, చెత్తకు రెండు పెద్ద సంచులు, ఇంటి పెరటిలో వాడే బొరిగె. చివరిది ఎందుకో చెప్పాలి. మరుగుదొడ్డి లేని చోట వాగుకూ చెరువుకూ కనీసం డెబ్భై పెద్ద అంగల దూరం వెళ్లి, జానెడు లోతు గొయ్యి తీసి, మళ్లీ మట్టి కప్పేయాలి. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా గుడారం వేయకూడదు కాబట్టి, మేము ఒక రైతు పొలంలో, ఆయనను అడిగి, రాత్రికి ఇంత అని ఇచ్చి ఉన్నాం.

లంబసింగిలో మొదటి రాత్రి మూడింటికి మళ్లీ మెలకువ వచ్చింది, అలవాటు కొద్దీ. చలికి కాదు, మంచు బొట్లు తెర మీద టపటపా రాలుతున్న చప్పుడుకు. చాప అంచు కిందికి చేయి పెట్టి నేలను తాకి చూశాను, ఫ్రిజ్‌లో సీసాను పట్టుకున్నట్టు వేళ్లు జివ్వుమన్నాయి. అదే చేతిని చాప పైకి తెచ్చి వీపు కింద పెట్టుకుంటే వెచ్చగా ఉంది. మావాడు రగ్గు ముసుగులో, మంకీ క్యాప్ కళ్ల దాకా లాక్కుని, కదలకుండా పడుకుని ఉన్నాడు. నేను మళ్లీ లేచేసరికి ఏడు దాటింది, దగ్గరలోని చెరువులవేనం వెళ్లి సూర్యోదయం చూడాలన్న మాట అలాగే మిగిలిపోయింది.

ఇంటికి వచ్చిన రోజున అన్నిటికంటే ముందు గుడారాన్ని మళ్లీ టెర్రస్ మీద నిలబెట్టి రెండు రోజులు ఆరబెట్టాం. తడి గుడారాన్ని మడిచి అటక మీద పడేస్తే మన ఊరి ఉక్కకూ, వేడికీ లోపలి పూత జిగటగా మారి, పొరలు పొరలుగా ఊడివస్తుంది. బూజు వాసన సరేసరి. అందుకే దానిని పడకగదిలో బీరువా మీద వదులుగా చుట్టి పెట్టాను. స్లీపింగ్ బ్యాగులను వాటి చిన్న సంచుల్లో కుక్కకుండా, దూది అణగకుండా పెద్ద దిండు గలీబుల్లో వేశాను. ఆరబెట్టిన రెండు రోజులూ పైకి వచ్చినవారంతా “ఏం ఫంక్షనండీ?” అని అడిగారు. మూడో అంతస్తు ఆయన మాత్రం సంక్రాంతి సెలవులకు పిల్లలతో అరకు వెళుతున్నామనీ, గుడారం ఒక నాలుగు రోజులు ఇస్తారా అనీ అడిగాడు. ఇస్తానని చెప్పి లోపలికి వెళ్లి ముందు చాపలు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.